బల్బు తీయించిన చోట వెలిగిన దీపం

మా ముత్తాత చెంచురామయ్య నాయుడు ఉదయగిరి కింద మూడు గ్రామాలకు మునసబు. తాలూకా కచేరీకి వెళితే ఆయనకు కుర్చీ వేసేవారు. ఆయన కొడుకు, అంటే మా తాత పెంచలయ్య నాయుడు, ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు మూడు బస్సులు నడిపాడు. ఆ దారి పొడుగునా పెళ్లి ముహూర్తాలు కూడా మా బస్సు వేళ చూసుకుని పెట్టుకునేవారని పెద్దవాళ్లు చెబుతారు. నేను ఆయనకు ఒక్కడే మనవణ్ణి. నాకు మిగిలింది ఒక పాత డీజిల్ పికప్. రైతుల నిమ్మకాయ బస్తాలు, ఎరువుల మూటలు తోలుకుని బతుకుతున్నాను.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మా ఇంటి సంగతి తెలియకపోతే ఆ రోజు బండిలో నేను చేసిన పని ఎవరికీ అర్థం కాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాను. శ్మశానం పక్క చేలో ఒంటరిగా నీళ్లు కట్టినవాణ్ణి. ఉదయగిరి కొండ మీద ఏవో కనిపిస్తాయని చెప్పినవాళ్లను మొహం మీదే కోప్పడ్డాను. ఈ సంగతి రాసిపెట్టమని మా ఆవిడ రమణమ్మ ఏడాదిగా అడుగుతోంది. ఆ రోజు ఆమె నా పక్కనే ఉంది. ఇది ఆమె చదివి, ఎక్కువ తక్కువలు లేవని అన్న తర్వాతే బయటపెడుతున్నాను.

మా తాత పెద్ద బస్సులో డ్రైవరుకు ఎడమ పక్కన, ముందు అద్దం దగ్గర, ఒంటి సీటు ఒకటి ఉండేది. టేకు చేతులు, తోలు దిండు. అది యజమాని సీటు. ఆయన రాని రోజున కూడా అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. బస్సు కిక్కిరిసినా జనం దానికి బట్ట తగలకుండా ఒదిగి నిలబడేవారట.

ఆ బస్సు నడిపింది మస్తాన్ సాయిబు. పద్నాలుగేళ్లు మా దగ్గర పనిచేశాడు. మా మేనత్త పెళ్లినాడు మగపెళ్లివారిని ఎక్కించుకుని వస్తూ ఆయన దారి మధ్యలో బస్సు ఆపేశాడు. ఆయిల్ మీటరు ముల్లు పడిపోయిందని, ఇంజన్ తిప్పితే పట్టేస్తుందని చెప్పాడు. కొత్త వియ్యంకులు చూస్తుండగా మా తాత సీటులోంచి లేవకుండానే అడిగాడు. “నా బండి ఆపేదానికి నువ్వెవుడివి రా?”

మస్తాన్ తాళంచెవి తెచ్చి తాత చేతిలో పెట్టి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. క్లీనరు చేత బస్సు తీయించారు. రెండు మైళ్లు పోకముందే ఇంజన్ పట్టేసింది. పెళ్లివారు ఎడ్లబళ్ల మీద చేరారు. అది మస్తాన్ నోటి పుణ్యమని తాత చచ్చేదాకా అన్నాడు గానీ, ఆయన్ను తిరిగి పిలవలేదు. మిగిలిన రెండు బస్సుల్లో మీటర్లన్నీ ఉలి పెట్టి పీకించాడు. గాజుబిళ్ల మాట విని బండి ఆపేవాడు డ్రైవరు కాడని ఆయన సిద్ధాంతం. పట్టేసిన బస్సు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో అలాగే నిలబడిపోయింది.

కొన్నాళ్లకు ఆ రూటు ప్రభుత్వానికి పోయింది. మా దారిలో ఎర్ర బస్సులు వచ్చాయి. మా ఇంటి మనిషి ఆ బస్సు ఎక్కకూడదని, రోడ్డు మీద చెయ్యెత్తి ఏ బండినీ ఆపకూడదని తాత అన్నాడు. ఒకప్పుడు జనం మాకు చెయ్యెత్తేవారు. మా నాయన మాలకొండయ్య చెల్లెలి చావుకు కూడా ఆత్మకూరు దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. శవాన్ని ఎత్తేసిన తర్వాత చేరాడు. ఆ మాట మీద నిలబడ్డాడని మేము చెప్పుకునేవాళ్లం. నేను కూడా యాభై ఏళ్లు వచ్చేదాకా ఎర్ర బస్సు మెట్టు తొక్కలేదు.

ఇక పికప్ సంగతి.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో బళ్లకు వైరింగు పని చేసే రఫీ ఆ మస్తాన్ మనవడే. ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. బండి కొన్న కొత్తలో వాడు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి మీటర్ల బోర్డు చూపించాడు. నేను అడగలేదు. వాడే చెప్పాడు.

“తాళం ఒక గాటు తిప్పన్నా. స్టార్ట్ చెయ్యబాక. చూడు, బొమ్మలన్నీ వెలిగినాయి గదా. బళ్లో పిల్లోళ్లు హాజరు పలికినట్టు. ఇప్పుడు వెలగనిది చచ్చినట్టు లెక్క. ఇంజన్ తిరిగినాక ఒక్కోటీ ఆరిపోవాల. ఆరకుండా ఉండేదానికి జబ్బు.”

పసుపు రంగు స్ప్రింగు బొమ్మ డీజిల్ బళ్లకే ఉంటుందన్నాడు. లోపల వేడెక్కుతున్నదని దాని అర్థం, అది ఆరాకే స్టార్ట్ చేయాలి. గరాటు లాంటి బొమ్మ కింద చుక్కలు వెలిగితే డీజిల్లో నీళ్లు చేరినట్టు, ఫిల్టరు అడుగున మర తిప్పి వదిలేయాలి. ఎర్ర బ్యాటరీ వెలిగితే బెల్టు చూసుకోవాలి. అన్నిటికన్నా కింద, ఎడమ మూలన, ఒక కూజా బొమ్మ ఉంది. కూజా మూతి నుంచి ఒక చుక్క పడుతున్నట్టు ఉంటుంది. ఎరుపు. ఇంజన్ లోపల ఆయిల్ ఒత్తిడి పోయిందని అది చెబుతుంది.

“పసుపుది నిన్ను అడుగుతాదన్నా, చూసుకుంటావా లేదా అని. ఎర్రది అడగదు. కూజా వెలిగినాదంటే పెళ్లికి పోతా ఉన్నా ఆపాల. అర నిమిషంలో ఆపాల.”

పెళ్లి అన్న మాట దగ్గర వాడు నా మొహం చూడలేదు. నేను సరే అని బండి తీశాను.

ఏడాది గడిచాక ఆ కూజా ఊరికే మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. ఆయిల్ చూస్తే నిండుగా ఉండేది. సెన్సారు పాడైందని, కొత్తది తెప్పిస్తానని, నాలుగు రోజులు ఆగమని రఫీ అన్నాడు. ఆ లోపల ఒక నిమ్మకాయల వ్యాపారి నా పక్కన కూర్చుని మార్కెట్టు దాకా వచ్చాడు. “ఏం నాయుడూ, మీ బండి కన్ను కొడతా ఉండాదే” అన్నాడు. దిగాక ఆ మాటే కాటా దగ్గర పదిమందికీ చెప్పి నవ్వించాడు.

ఆ సాయంత్రమే రఫీ దగ్గరికి వెళ్లి బల్బు తీసెయ్యమన్నాను.

“సెన్సారు రేపు ఎల్లుండి వస్తాదన్నా. తీస్తే నిజంగా ఆయిలు పోయినా తెలవదు.”

“నాకు ఒకరు చెప్పేదేంది? తియ్యి.”

వాడు స్క్రూ డ్రైవరు అందుకున్నాడు. “మీ ఇంట్లో ఇది కొత్త కాదులే” అన్నాడు. అంతే. బోర్డు ఊడదీసి, కూజా వెనక బల్బు తీసి, ఆ రంధ్రానికి నల్ల టేపు వేశాడు. ఇంజన్ దగ్గర సెన్సారు వైరు కూడా విడదీసి, కొసకు టేపు చుట్టి కట్టాడు. నా బండి పాత మోడలు. అందులో ఒక్కో బొమ్మ వెనక ఒక్కో చిన్న బల్బు ఉంటుంది. తీసిన బల్బును బ్యాటరీకి తగిలించి చూపించాడు. వెలిగింది. “మంచి బల్బే, ఉంచుకో” అని చేతిలో పెట్టాడు. శనగ గింజంత ఉంది. ఇంటికి తెచ్చి అగ్గిపెట్టెలో వేసి బీరువాలో పడేశాను.

అప్పటినుంచి తాళం తిప్పితే బొమ్మలన్నీ వెలిగేవి, కూజా తప్ప. ఏడాదిన్నర అలాగే తోలాను. సెన్సారు వచ్చిందని రఫీ రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను వెళ్లలేదు.

ఆ రోజు ఎండాకాలం. మా అమ్మాయి సుప్రజ తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. వరండాలో చాప మీద పడుకున్న పిల్ల తెల్లవారాక కడుపునొప్పి అని లేచింది. రాత్రి తిన్న మామిడికాయ పడలేదనుకున్నాము. ఎనిమిదిన్నరకు కనురెప్పలు వాలిపోసాగాయి. నిద్ర చాల్లేదేమో అనుకున్నాము. ఆ గంట నేను పోగొట్టినదే. రమణమ్మ చాప ఎత్తితే గోడవారన కట్లపాము చుట్టుకుని ఉంది. పిల్ల మడమ దగ్గర వెతికితే సూదిపొడుపు లాంటి గుర్తు కనిపించింది. వాపు లేదు.

ఉదయగిరిలో డాక్టరు వెంటనే విరుగుడు ఎక్కించాడు. కానీ విషం అప్పటికే నరాలకు పాకిందని, ఏ క్షణమైనా ఊపిరి తీసే శక్తి పోవచ్చని చెప్పాడు. గొట్టం వేసి ఊపిరి ఆడించగల డాక్టరు ఆత్మకూరులో సిద్ధంగా ఉంటాడని ఫోన్ చేసి కనుక్కున్నాడు. అంబులెన్సు అప్పుడే ఒక కాన్పు మనిషిని తీసుకుని నెల్లూరు వెళ్లింది. తిరిగి రావాలంటే రెండు గంటలు. అంతసేపు ఆగవద్దన్నాడు. “మాట్లాడిస్తా ఉండండి. మాట ముద్దయినాదంటే ఇంక టైము లేదని లెక్క.”

పికప్ ముందు సీటులో ముగ్గురం. పిల్ల మధ్యలో, తల్లి ఒళ్లోకి ఒరిగి. రమణమ్మ ఎక్కాలు చెప్పమంది. పిల్ల పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. రెప్పలు పూర్తిగా మూసుకుపోయాయి. గొంతు మాత్రం ఆడుతోంది.

ఆత్మకూరుకు గంటంబావు దారి. అరగంట బాగానే పోయాము. నేను రోడ్డు తప్ప ఏమీ చూడలేదు. పద్నాలుగు, పదిహేను ఎక్కాలు అయిపోయాయి. పదహారులో పిల్ల రెండుసార్లు తప్పు చెప్పింది. లెక్కల్లో మా పిల్ల తప్పు చెప్పదు.

అప్పుడు కూజా వెలిగింది.

ఎండ పడి మెరుస్తోందనుకున్నాను. పదిన్నర వేళ, ఎడమ నుంచి ఎండ బోర్డు మీద పడుతోంది. అరచేయి అడ్డం పెట్టాను. ఎండ తెగింది గానీ ఎరుపు తెగలేదు. నా అరచేతి లోపలివైపు ఎర్రగా కనిపించింది. మినుకుమినుకుమనలేదు. నిలకడగా వెలుగుతోంది. కూజా, దాని మూతి, మూతి నుంచి పడే చుక్క, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

“ఏందది ఎర్రగా?” అంది రమణమ్మ.

“ఏం లేదు.”

బల్బు మా బీరువాలో ఉంది. వైరు విడదీసి కట్టి ఉంది. లేని బల్బు వెలగదు. ఇంజన్ శబ్దంలో తేడా లేదు. బండి బాగానే లాగుతోంది. ఇక్కడ ఆపితే పిల్ల ఊపిరి ఆగవచ్చు. ఆపకుండా పోయి ఇంజన్ పట్టేస్తే కూడా అంతే. ఏది నిజమో నాకు చెప్పేవాళ్లు లేరు. చెప్పే దీపాన్ని నేనే తీయించాను, ఆ తీయించిన దీపమే చెబుతోంది. కాలు యాక్సిలరేటరు మీదే ఉంచాను. ఎంత దూరం పోయానో తెలియదు. రమణమ్మ మాత్రం పదహారో ఎక్కం మిగిలిన సగమూ అయిందని చెబుతుంది.

అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. బోర్డు వైపు చూసి గట్టిగానే అన్నానట.

“నా బండి ఆపేదానికి నువ్వెవుడివి రా?”

“ఎవురితో మాట్లాడతా ఉండావయ్యా?” అంది రమణమ్మ. ఆమె గొంతులో భయం విన్నాను. మా తాత అన్న మాట అది, అక్షరం పొల్లుపోకుండా. ఆ మాటకు తర్వాత ఏమైందో మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బ్రేకు తొక్కాను.

బండి ఆపి, ఇంజన్ ఆపి, తాళంచెవి బయటికి తీశాను. కూజా ఆరలేదు. తక్కిన బొమ్మల్లో ఒక్కటీ వెలగడం లేదు. అదొక్కటే వెలుగుతోంది. తాళంచెవి నా చేతిలో ఉంది. ఈ ఒక్క సంగతి నేను కోర్టులో నిలబడి అయినా చెబుతాను.

దిగి కింద చూశాను. ఇంజన్ కింద నల్లగా కారుతోంది. వెనక్కి చూస్తే రోడ్డు మీద కనుచూపు మేర నల్లటి గీత. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగితే కొసన తడి కూడా లేదు. నాలుగు రోజుల ముందు ఆయిల్ నేనే మార్చాను. మెకానిక్కు పని చెప్పడం నామోషీ అనుకుని మా వాకిట్లోనే మార్చాను. అడుగు బోల్టుకు వాషరు వేశానో లేదో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. తర్వాత ఆ వాషరు మా కిటికీ గట్టు మీద దొరికింది.

రెండు వైపులా బీడు. ఒక్క ఇల్లు లేదు. ఫోనులో సిగ్నలు లేదు. లోపల పిల్ల పదిహేడో ఎక్కం మొదలుపెట్టింది. “పదిహేడొకట్ల పదిహేడు” అన్నది. రెండో వరుస నోట్లో ముద్దయిపోయింది. రమణమ్మ నా వైపు చూసింది.  

అప్పుడు ఉదయగిరి వైపు నుంచి ఎర్ర బస్సు వచ్చింది.

నేను రోడ్డు మధ్యలోకి వెళ్లి చెయ్యెత్తాను. ఒక చెయ్యి కాదు, రెండూ ఎత్తాను. మా తాత చూస్తున్నాడేమో, మా నాయన చూస్తున్నాడేమో అన్న ఆలోచన ఆ తర్వాత చాలా రోజులకు వచ్చింది. అప్పుడు రాలేదు.

కండక్టరు ఒక నడివయసు ఆడమనిషి. నేను సంగతి చెప్పడం పూర్తి చేయకముందే దిగి వచ్చి పిల్ల కాళ్లు పట్టుకుంది. “ఎత్తు, ఎత్తు. తల జాగర్త. ముందు సీటు వదలండబ్బా, పాము కరిచిన బిడ్డ.” ముందు సీటులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. పిల్లను పడుకోబెట్టి, తల రమణమ్మ ఒళ్లో పెట్టారు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

వెనక సీటులో తలగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. “నువ్వు బస్సుల పెంచలయ్య నాయుడి మనవడివి గదా?”

అవునన్నాను.

“మీవోళ్లు ఈ బస్సు ఎక్కరంటనే.”

నేను ఒక చేత్తో సీటు మీద పిల్ల కాళ్లు జారకుండా పట్టుకున్నాను.  

అక్కడి నుంచి అర కిలోమీటరు పోతే ఆ బస్సు పెద్ద రోడ్డు వదిలి లోపలి ఊళ్ల మీదుగా తిరుగుతుంది. అలా తిరిగితే అరగంట అదనం. మలుపు దగ్గర డ్రైవరు వేగం తగ్గించి అద్దంలో జనం వైపు చూశాడు. ఎవరూ ఏమీ అనకముందే ఆ ముసలాయన మూట చంకన పెట్టుకుని లేచాడు. “లోపలికి తిప్పబాకండి. మేము నడుస్తాము.” ఆయన వెనక ఇంకో ముగ్గురు దిగారు. ఆ ఎండలో లోపలి మొదటి ఊరు నాలుగు కిలోమీటర్లు. దిగేటప్పుడు ఆయన నా చెయ్యి తట్టాడు. “కూర్చో నాయనా. నా సీటు ఖాళీ.”

నేను కూర్చోలేకపోయాను. నిలబడే వెళ్లాను.

బస్సు ఆత్మకూరు దాకా ఎక్కడా ఆగలేదు. డ్రైవరు స్టాండుకు కూడా పోకుండా నేరుగా ఆసుపత్రి గేటు ముందు నిలిపాడు. పిల్ల పెదవులు నీలమయ్యాయి. లోపలికి తీసుకెళ్లిన కొద్ది నిమిషాల్లో గొట్టం వేశారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే తను ఏమీ చేయగలిగేవాడు కాదని ఆ డాక్టరు తర్వాత చెప్పాడు. అక్కడి నుంచి నెల్లూరు తీసుకెళ్లారు. ఆరో రోజున పిల్ల తనంత తాను ఊపిరి తీసుకుంది. ఇప్పుడు బాగుంది. పదిహేడో ఎక్కం మొదలుపెట్టడం వరకే దానికి గుర్తుంది.

నెల్లూరు నుంచి వచ్చాక రఫీకి ఫోన్ చేశాను. వాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇద్దరం వెళ్లి చూస్తే బండి ఆపిన చోటే ఉంది. ఆయిల్ బోల్టు ఊడి ఎక్కడో పడిపోయింది. మహా అయితే ఇంకో కిలోమీటరు పోయేదని, అక్కడ ఇంజన్ పట్టేసేదని అన్నాడు. ఆ కిలోమీటరు లోపలే ఆ మలుపు, ఆ మలుపు తర్వాత బస్సు రాని పెద్ద రోడ్డు. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను.

దీపం సంగతి వాడితో చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ముందు బానెట్టు ఎత్తి సెన్సారు వైరు చూశాడు. తను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది, దాని మీద ఏడాదిన్నర దుమ్ము, మసి. తర్వాత మీటర్ల బోర్డు ఊడదీశాడు. కూజా వెనక రంధ్రానికి నల్ల టేపు అలాగే ఉంది. టేపు ఒలిచాడు. ఖాళీ.

“పక్క బల్బు వెలుతురు ఇటు కారిందేమో” అన్నాడు. బోర్డును బ్యాటరీకి తగిలించి మిగిలిన బల్బులన్నీ వెలిగించాడు. గుడ్డ కప్పి చీకటి చేసి ఇద్దరం తలలు దూర్చి చూశాము. స్ప్రింగు, గరాటు, బ్యాటరీ అన్నీ వెలిగాయి. కూజా చీకటిగానే ఉంది. పైగా తాళం తీసేశాక పక్క బల్బు మాత్రం ఎందుకు వెలుగుతుంది?

నా ఒక్కడి మాట అయితే భయంలో కళ్లు చెదిరాయని నేనే అనుకునేవాణ్ణి. రఫీ మా ఇంటికి వచ్చి రమణమ్మను విడిగా అడిగాడు.

“నువ్వు చూసింది ఏం బొమ్మ వదినా?”

ఆమె ఆ బండి ముందు సీటులో కూర్చున్నది ఆ రోజే మొదటిసారి. ఆ బొమ్మలేమిటో ఆమెకు తెలియదు. ముగ్గుపిండి తీసుకుని వాకిట్లో గీసింది. కూజా, సన్నటి మూతి, ఒక చుక్క. రఫీ వంగి ఆ చుక్క మీద వేలు పెట్టాడు.

“ఎప్పుడు ఆరినాది?”

“నేను దాన్నే చూస్తా ఉండా. ఈయన రోడ్డు మీద చేతులెత్తినాడు గదా. అప్పుడు ఆరినాది.”

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

బీరువాలోంచి అగ్గిపెట్టె తీశాను. బల్బు అందులోనే ఉంది. రఫీ తన మోటారు సైకిలు బ్యాటరీకి తగిలించి చూశాడు. వెలగలేదు. ఎండకేసి పట్టుకుంటే లోపల తీగ తెగి ఉంది, గాజు లోపల పొగ పట్టినట్టు ఉంది. తీసిన రోజున అది వెలగడం ఇద్దరమూ చూశాము. పెట్టెలో ఉన్న బల్బు తీగ ఒక్కోసారి దానంతట తెగుతుందని రఫీ అన్నాడు. గాజు నల్లబడటం మాటేమిటని నేను అడిగితే, అంతకు ముందే కొంచెం నల్లగా ఉండేదేమో చూసుకోలేదన్నాడు. అది నిజమే కావచ్చు. నేనూ చూసుకోలేదు.

వెళ్లేటప్పుడు, ఇన్నేళ్లకు మొదటిసారి, నేనే ఆ పేరు ఎత్తాను. “అది మీ తాతేనేమో రఫీ” అన్నాను.

వాడు మోటారు సైకిలు స్టాండు తీస్తూ కొంచెం నవ్వాడు. “మా తాత లైటు వెయ్యడన్నా. తాళం నీ చేతిలో పెట్టి దిగిపోతాడు.” కిక్కు కొట్టబోతూ, “అయినా బిడ్డ ఉండాది గదా బండిలో” అన్నాడు.

అది మస్తాన్ అని నేను అనను. మా తాత అని కూడా అనను. మా తాత అయితే ఆపనిచ్చేవాడు కాదు. వైరు లేకుండా, బల్బు లేకుండా, తాళం లేకుండా ఆ దీపం ఎలా వెలిగిందో కనపడిన మెకానిక్కునల్లా అడిగాను. ఆత్మకూరులో పాలిటెక్నిక్ చదివినాయన్ను కూడా అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. ఏదీ తాళంచెవి నా చేతిలో ఉండగా వెలిగిన దీపానికి సరిపోలేదు. 

రఫీ కొత్త సెన్సారు, కొత్త బల్బు వేశాడు. ఇప్పుడు పొద్దున్నే తాళం ఒక గాటు తిప్పి, అన్ని బొమ్మలూ హాజరు పలికాయో లేదో చూసి, ఒక్కొక్కటీ ఆరేదాకా కూర్చుంటాను. కూజా ఆరిందని రెండోసారి చూసి గానీ గేరు వెయ్యను. బస్తాలు తోలే పని లేని రోజున సుప్రజ నా పక్కన కూర్చుని బడికి వస్తుంది. మిగిలిన రోజుల్లో ఎర్ర బస్సులో వెళుతుంది.

ఒక రోజు ఇంటి వెనక షెడ్డులోకి వెళ్లి తాత బస్సు ఎక్కాను. దాని బోర్డులో మీటర్లు ఉన్నాయి. ఆ ఒక్క బస్సులో వాటిని పీకించలేదు, పీకించే అవసరం లేకపోయింది. గాజు తుడిచి చూశాను. ఆయిల్ ముల్లు సున్నా మీద ఉంది.

మొన్న వేసవిలో ఆ బస్సును కావలి నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారికి తూకానికి అమ్మేశాము. యజమాని సీటు కావాలంటే విప్పి పక్కన పెడతానని అతనన్నాడు. వద్దన్నాను. అదీ తూకంలోనే పోయింది.